మొదటి డైస్ వేయకముందే: సెషన్ జీరోపై అపోహలు, వాస్తవాలు

కొన్నేళ్లుగా విశాఖలో, ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో, ఆదివారం సాయంత్రాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాను. 1974లో అమెరికాలో మొదట అచ్చయిన ఆట ఇది. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ ఆడతాం. కథ నడిపే డంజన్ మాస్టర్‌ని నేనే. కొత్త క్యాంపెయిన్, అంటే నెలల తరబడి సాగే కథ, ఎత్తుకునే ముందు ఒక పూట అందరం కూర్చుని మాట్లాడుకుంటాం. అదే సెషన్ జీరో. ఆ మాట అనగానే "ఏటన్నా, ఈవేళంతా మాటలేనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: సెషన్ జీరో అంటే క్యారెక్టర్ షీట్లు, అంటే ఎవరి పాత్ర వివరాలు వాళ్లు రాసుకునే కాగితాలు, నింపుకోవడమే.

వాస్తవం: షీట్లు నింపడం చివరి గంట పని. నేనూ ఒకప్పుడు అదే అసలు పని అనుకుని, ఎవరి ఇంట్లో వాళ్లు చేసుకు రమ్మన్నాను. ఒకతను దొంగల అంతు చూస్తానని ప్రమాణం చేసిన పాలడిన్‌ని, అంటే ధర్మయోధుణ్ణి, తెచ్చాడు. ఇంకొకతను జేబులు కొట్టే రోగ్‌ని తెచ్చాడు. ఒకమ్మాయి రాజసభలో ఎత్తులు పైఎత్తులు ఉంటాయని ఆశపడి, మూడు పేజీల పూర్వకథ రాసుకొచ్చింది. పాత్ర బలం, తెలివి లాంటివాటికి కొందరు ఆట పుస్తకంలో ఇచ్చిన 15, 14, 13, 12, 10, 8 స్కోర్లు తీసుకుంటే, ఒకతను ఇంట్లో డైస్ వేసుకుని, డైస్‌తో వచ్చే అతి పెద్ద స్కోరైన 18లు రెండింటితో వచ్చాడు. రెండో వారానికే పాలడిన్, రోగ్ ఒకరి మీద ఒకరు కత్తి దూశారు. రాజసభ కోసం వచ్చిన అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నాలుగో ఆదివారం ఎవరూ రాలేదు.

ఇప్పుడు ముందు వేరే సంగతులు అడుగుతాను. ఎలాంటి కథ కావాలి? యుద్ధాలు ఎక్కువా, మాటలు ఎక్కువా? క్యారెక్టర్ చనిపోతే ఏం చేద్దాం? పార్టీలో, అంటే కథలో కలిసి తిరిగే జట్టులో, ఎవరికి ఎవరు ఏమవుతారు? చివరి ప్రశ్నకు జవాబు లేకుండా షీట్ ముట్టుకోనివ్వను. కిందటి క్యాంపెయిన్‌లోనూ పాలడిన్, రోగ్ ఇద్దరూ ఉన్నారు. ఈసారి అక్కాతమ్ముళ్లు. వాళ్లు గొడవ పడుతుంటే మిగతావాళ్లంతా కుర్చీలు ముందుకు జరుపుకుని విన్నారు.

అపోహ: అందరం ఫ్రెండ్సే కదా, హద్దుల గురించి మాట్లాడుకోవడం ఎందుకు?

వాస్తవం: ఫ్రెండ్స్ దగ్గరే మనకు మొహమాటం ఎక్కువ. పెళ్లి భోజనంలో వద్దు వద్దంటున్నా వడ్డించేస్తే కష్టపడి తినేసినట్టు, ఆటలో ఇబ్బందిగా ఉన్నా నవ్వేసి ఊరుకుంటాం. అందుకే నేను చీటీలు పంచుతాను. పేరు రాయక్కర్లేదు, ఆటలో వద్దనుకున్నది రాసి మడిచి గిన్నెలో వేస్తే చాలు.

కిందటి క్యాంపెయిన్‌కి సముద్రం కథ అనుకున్నాను. తుపానులో చిక్కిన ఓడతో మొదలు. స్పీకర్‌లో పెట్టడానికి గాలి హోరు సౌండ్ ఫైల్ కూడా సిద్ధం చేసుకున్నాను. చీటీలు విప్పుతుంటే ఒకదాంట్లో పెన్సిల్‌తో, చిన్న అక్షరాలతో, "గాలి చప్పుడు వద్దు. హుద్‌హుద్" అని ఉంది. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. ఆ రోజు నేనూ తలుపుకి బీరువా అడ్డం పెట్టుకుని కూర్చున్నవాణ్ణే. అయినా ఈ ఆలోచన నాకు తట్టలేదు. ఎవరు రాశారో అడగలేదు. తుపాను వెలిశాక, చిరిగిన తెరచాపతో ఓడ రేవు చేరే దగ్గర కథ ఎత్తుకున్నాం. ఆ చాప కుడుతూ క్యారెక్టర్లు మాట్లాడుకున్న అరగంట ఆ క్యాంపెయిన్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం.

దీనికి లైన్స్ అండ్ వీల్స్ అనే పద్ధతి ఉంది. గేమ్ డిజైనర్ రాన్ ఎడ్వర్డ్స్ ప్రతిపాదించారు. మేం గీత, తెర అంటాం. గీత అవతలిది కథలోకే రాదు. తెర వెనకది జరుగుతుంది కానీ చూపించం. మా బల్ల దగ్గర పసిపిల్లలకు హాని గీత, చిత్రహింస తెర. ఆ చీటీతో తుపాను తెర వెనక్కి వెళ్లింది.

అపోహ: ఇవన్నీ పెడితే ఆటలో థ్రిల్ పోతుంది.

వాస్తవం: మా బల్ల మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఉంటుంది. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన పద్ధతి ఇది. ఎవరైనా దాన్ని తాకితే ఆ దృశ్యం మార్చేస్తాం, కారణం అడగం. ఇప్పటిదాకా రెండుసార్లే తాకారు. అది ఉందన్న ధైర్యంతోనే దెయ్యాల కథలు గట్టిగా ఆడించగలుగుతున్నాను.

అపోహ: టైమింగ్స్ వాట్సాప్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: నేను చూసినంతలో మధ్యలో ఆగిన క్యాంపెయిన్లు ఎక్కువగా టైం కుదరకే ఆగాయి. మాలో ఒకతనికి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు, ఒకామెకు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు. ఇద్దరి డ్యూటీ చార్టులు బల్ల మీద పక్కపక్కన పెడితేనే నెలకు రెండు ఆదివారాలే కుదురుతాయని తేలింది. ఐదుగురిలో ముగ్గురొస్తే ఆట ఉంటుంది. గాజువాక వెళ్లాల్సినవాళ్లు ఉన్నారు కాబట్టి తొమ్మిదికల్లా ముగింపు.

అపోహ: కథ ముందే తెలిసిపోతుంది.

వాస్తవం: సముద్రం కథ అని చెబుతాను. సముద్రం అడుగున ఏముందో చెప్పను.

అపోహ: ఒకసారి కూర్చుంటే చాలు.

వాస్తవం: కొత్త మనిషి చేరినా, కథ దారి మారినా మళ్లీ ఒక అరగంట కూర్చోవాలి. సగం కథలో మాలో రోగ్ పాత్ర ఆడేవాళ్ల తమ్ముడు ఆటలో చేరినప్పుడు అందరికీ మళ్లీ చీటీలు ఇచ్చాను. పాతవాళ్లలో ఒకరు సాలీళ్లు వద్దని రాశారు, అన్ని నెలల్లో అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. గాలి మాట ఈసారి ఏ చీటీలోనూ లేదు. ఆ సౌండ్ ఫైల్ మాత్రం నేను మళ్లీ తెరవలేదు.