మామోగ్రామ్ రిపోర్టులో ‘బై-రాడ్స్ 0’: అపోహలు - వాస్తవాలు

అపోహ: సున్నా వచ్చిందంటే ఏమీ లేదన్నమాట.

వాస్తవం: బై-రాడ్స్ అంటే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చూసి రేడియాలజిస్టులం రిపోర్టులో రాసే అంకె. ఏమీ లేకపోతే 1 రాస్తాం. కనిపించింది హాని లేనిదైతే 2. సున్నా అంటే విషయం ఇంకా తేలలేదని అర్థం. మరికొన్ని ఫిల్ములో, పోల్చడానికి పాతవో కావాలి. సున్నా చూసి నిశ్చింతగా రిపోర్టును బీరువాలో పెట్టేసేవాళ్ల గురించే మా బెంగంతా. పాత ఫిల్ములు, సీడీ తప్పకుండా తీసుకెళ్లండి. ఫిల్ముకు ఫోన్లో తీసిన ఫోటో పనికిరాదు. మూడేళ్ల కిందటి ఫిల్ములోనూ అదే మచ్చ అంతే ఉంటే చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

అపోహ: మళ్లీ పిలిచారంటే క్యాన్సరే.

వాస్తవం: అలా పిలిచినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. రొమ్ములోని కణజాలం ఒకదాని మీద ఒకటి పడితే ఫిల్ములో గడ్డలా కనిపిస్తుంది. అనుమానమున్న చోట మాత్రమే చిన్న పలకతో నొక్కి మళ్లీ తీస్తాం. ఒట్టి నీడైతే చెదిరిపోతుంది, గడ్డైతే అంచులతో సహా నిలుస్తుంది. అది నీటితిత్తో గట్టి గడ్డో చెప్పేది అల్ట్రాసౌండ్.

అపోహ: మళ్లీ మామోగ్రామ్ ఎందుకు? స్కానింగ్ తీయించుకుంటే చాలు.

వాస్తవం: అనుమానం సున్నపు రేణువుల మీదైతే చాలదు. అర మిల్లీమీటరు కన్నా చిన్న రేణువులు అల్ట్రాసౌండ్‌కు చాలాసార్లు అందవు. వాటికి 1.5 నుంచి 2 రెట్లు పెద్దదిగా చూపే మాగ్నిఫికేషన్ ఫిల్ములు కావాలి. పైనుంచి తీసినప్పుడు మసక చుక్కల్లా ఉన్నవి పక్కనుంచి తీస్తే కప్పు అడుగున పేరుకున్న మడ్డిలా వంపు తిరిగి కనిపిస్తే, అవి తిత్తుల్లో తేరిన సున్నం, హాని లేనివి. సన్నగా, కొమ్మలు చీలినట్టుంటే బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాల్సిందే. చంకల్లో పౌడరు, డియోడరెంటు కూడా ఫిల్ములో ఇలాంటి చుక్కలే చూపిస్తాయి. శుభ్రంగా కడుక్కుని, ఏమీ రాసుకోకుండా రండి.

అపోహ: ఆరు నెలలు ఆగమన్నారంటే పట్టించుకోనట్టే.

వాస్తవం: ఆరు నెలలు ఆగమనేది బై-రాడ్స్ 3 వచ్చినప్పుడు. ఈ అదనపు పరీక్షలన్నీ అయ్యాకే ఆ 3 ఇస్తాం. క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు. సాధారణంగా 6, 12, 24 నెలలకు చూస్తాం, మారకపోతే అది 2 అవుతుంది. ఈలోగా చేతికి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినట్టున్నా గడువు కోసం ఆగకండి.

అపోహ: సూది గుచ్చితే జబ్బు పాకుతుంది.

వాస్తవం: ఈ భయంతో బయాప్సీ వాయిదా వేయకండి. బై-రాడ్స్ 4 (అనుమానం ఉంది) అని వస్తే అది ఏనా, బీనా, సీనా అని అడగండి. ఏ అయితే క్యాన్సర్ అవకాశం 2 నుంచి 10 శాతం, బీ అయితే 50 దాకా, సీ అయితే 95 దాకా. మూడింటికీ సూది పరీక్ష చేయించుకోవాల్సిందే.