ఇటుక ఎంత నీరు తాగాలి?

ఎండాకాలంలో ఇల్లు మొదలుపెట్టిన తిరుపతి పాఠకుడొకరు అడిగారు: ‘‘ఇటుకల గుట్ట మీద పైపుతో నీళ్లు కొడితే సరిపోదా? తొట్టిలో నానబెట్టాల్సిందేనా?’’ నానబెట్టాల్సిందే.

కాల్చిన ఇటుక నిండా సన్నని రంధ్రాలే. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు అవి నీటిని లోపలికి లాగుతాయి. ఇక్కడ చూడాల్సింది వేగం. పీల్చిన నీరు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది: మొదటి నిమిషంలో తాగినదానికి రెట్టింపు కావాలంటే 4 నిమిషాలు, మూడింతలు కావాలంటే 9 నిమిషాలు పడుతుంది. అంటే పొడి ఇటుకను మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) మీద పెట్టిన తొలి క్షణాల్లోనే నష్టం జరిగిపోతుంది. మేస్త్రీ తాపీతో తట్టి సరిచేసేలోగానే 10 మిల్లీమీటర్ల మాలు పొర బిగుసుకుంటుంది. గట్టిపడిందని సంతోషించకండి, ఎండిపోయిందంతే. సిమెంటుకు బలం వచ్చేది నీటితో జరిపే రసాయన చర్య వల్ల. మాలు రంధ్రాల్లోని గాలిలో తేమ 80 శాతం కంటే తగ్గితే ఆ చర్య దాదాపు ఆగిపోతుంది. అలాంటి గోడ సందును మేకుతో గీకితే ఇసుక రాలుతుంది.

మరి పైన కొట్టిన నీళ్లు? పైపొరలోని తడిని ఎండిన లోపలి భాగం లాగేసుకుంటుంది. కాసేపటికే పైరంధ్రాలు ఖాళీ అయి, ఈసారి మాలులోని నీటిని పీలుస్తాయి. తొట్టిలో ముంచినప్పుడు వచ్చే బుడగలు రంధ్రాల్లోంచి బయటపడే గాలి. అవి ఆగేదాకా ఉంచి, తీసి, పైతడి ఆరనివ్వాలి. నీరు కారే ఇటుక మాలు మీద జారుతుంది, పట్టు కుదరదు. ఇటుక కొంత పీల్చాలి కూడా: అలా రంధ్రాల్లోకి వెళ్లిన సిమెంటు నీటి నుంచి అక్కడే స్ఫటికాలు పెరిగి గోడను పట్టి ఉంచుతాయి.

పరీక్ష సులువు. ఇటుక మీద 25 మిల్లీమీటర్ల వలయం గీసి, అందులో 20 నీటి చుక్కలు వేయండి. నిమిషంన్నరలోపు ఇంకిపోతే ఆ ఇటుకను తడపాల్సిందే.

వైశాఖంలో మంచి ముహూర్తాలుంటాయని మా చిత్తూరు వైపు చాలామంది ఎండల్లోనే పునాది వేస్తారు. వెంటనే రోళ్లు పగిలే రోహిణి కార్తె వస్తుంది. తొలి ఇటుకకు పసుపు కుంకుమలు పెట్టినంత శ్రద్ధగా మిగతా ఇటుకలకు నీళ్లు పెట్టమని వేడుకుంటున్నాను.

గోడ లేచాక కనీసం 7 రోజులు తడి ఆరకూడదు. పొద్దున, సాయంత్రం నీళ్లు కొట్టి వదిలేస్తే మధ్యాహ్నం ఎండకు, వడగాలికి ఆరిపోతుంది. గోనెపట్టాలు కప్పి, వాటిని తడుపుతూ ఉండండి. మాలు నీడలో, కొంచెం కొంచెంగా కలపండి. కలిపి 2 గంటలు దాటిన మాలును మళ్లీ నీళ్లు పోసి వాడనివ్వకండి.