రొయ్య రబ్బరులా ఎందుకవుతుంది? వేపుడుపై అపోహలు - వాస్తవాలు

భీమవరంలో మాది చిన్న భోజన హోటల్. వేపుడు తిన్నవారిలో రోజుకొకరైనా వంటగది గుమ్మం దాకా వచ్చి, "మా ఇంట్లో ఇంత మెత్తగా ఎందుకు రావండీ?" అని అడుగుతారు. మసాలా గుట్టు చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం పొయ్యి మీద ఎంతసేపు ఉంచారని అడుగుతాను.

అపోహ: నీరంతా ఇగిరి, ఇరవై నిమిషాలు వేగితేనే నీచు పోతుంది.

మీరు ఇగరబెడుతున్నది రొయ్యలోని రసాన్నే. వేడికి కండలోని మాంసకృత్తులు బిగుసుకుని నీటిని బయటికి పిండేస్తాయి. ఎంతసేపు ఉంచితే అంత పిండుతాయి. కిలోకు 40 తూగే వెనామీ రకం రొయ్య, అంటే బజారులో 40 కౌంటు, ఒలిచాక బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు చాలు. ఇక నీచంటారా, అది శుభ్రం చేసేటప్పుడే పోవాలి. పాడైన రొయ్యను గంట వేయించినా కంపే.

కడిగిన రొయ్యలకు గుడ్డతో తడి అద్దండి. పెనం కాలాక నూనె పోసి, పావు కిలో మించకుండా విడివిడిగా పరవండి. వేయగానే చుయ్యిమనాలి. ఆ చప్పుడు ఆగి బుడబుడ మొదలైందంటే అక్కడ జరుగుతున్నది వేపుడు కాదు, ఉడకడం. కిలో రొయ్యలూ ఒకేసారి కుమ్మరిస్తే జరిగేది ఇదే. అప్పటికే నీరూరితే రొయ్యలను పళ్లెంలోకి తీసేయండి. ఆ నీటిలోనే ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, కారం దగ్గరపడనిచ్చి, చివర్లో రొయ్యలు తిరిగి వేసి, లోపలి పచ్చి పోగానే దించండి. రసం వృథా కాదు.

అపోహ: ఎర్రబడితే ఉడికినట్టే.

ఆ ఎరుపు రొయ్యలో ముందే ఉంటుంది. ఒక మాంసకృత్తుకు అంటుకుని ఉండి, వేడి తగలగానే విడివడి బయటపడుతుంది. పైభాగం ముందే రంగు తిరుగుతుంది. పైగా కారం పట్టించాక రంగేం తెలుస్తుంది? వీపు దగ్గర లావైన చోట చీరి చూడండి. గాజులా మెరిస్తే పచ్చి, పాలలా తెల్లబడితే సరి. నెలవంకలా వంగినప్పుడు దించండి. ఉంగరంలా చుట్టుకుంటే ఆలస్యమైనట్టే.

అపోహ: వీపు మీది నల్ల నరం విషం.

నరమూ కాదు, విషమూ కాదు. అది పేగు. ఇసుక పళ్లకింద పడుతుంది కాబట్టి తీసేయాలి. అసలు నరం పొట్ట వైపు ఉంటుంది, దాని జోలికి పోనక్కరలేదు.

అపోహ: నిమ్మరసంలో గంట నానితే మెత్తబడుతుంది.

పులుపు తగిలిన కండ తెల్లబడి గట్టిపడుతుంది, పొయ్యెక్కకుండానే ఉడికినట్టు కనిపిస్తుంది. క్రిములు మాత్రం అన్నీ చావవు. ఉప్పు, పసుపు, కారం పావుగంట పట్టించండి, నిమ్మకాయ దించాక పిండండి.

అపోహ: బాగా వేయిస్తే అలర్జీ రాదు.

వస్తుంది. రొయ్య పడనివారిలో ఎక్కువ మందికి అలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు వేడికి చెడదు. అలర్జీ ఉన్నవారికి రుచి చూడమని కూడా ఇవ్వకండి. వాళ్ల కూర అదే పెనం మీద, అదే నూనెలో వండకండి.

అపోహ: తలకాయలు చెత్తబుట్టకే.

ఉదయం పట్టిన రొయ్యలైతే నేను పారేయను. మీసాలు కత్తిరించి కడిగి, సన్న మంట మీద నూనెలో వేయిస్తూ గరిటెతో నొక్కితే నూనె నారింజ రంగుకు తిరుగుతుంది. వడకట్టి, రెండు రెబ్బల కరివేపాకు వేసి, రొయ్యలను ఆ నూనెలోనే వేయించండి.