అట్ట మార్చక్కర్లేదు పిల్లలూ

పిల్లలూ,

మొన్న మీరు కావలి నుంచి వెళ్లాక మంచం సర్దుతుంటే పరుపు కింద ఒక పుస్తకం దొరికింది. పైన ఫిజిక్స్ గైడు అట్ట, లోపల అమెరికా నుంచి పారిస్‌లో ఒక బోర్డింగ్ స్కూలుకి వచ్చిన పిల్ల ప్రేమకథ. ఒకటిన్నర రోజులో చదివేశాను. రెండో రోజు మధ్యాహ్నం అన్నం కూడా ఆలస్యంగా తిన్నాను. పెద్దదానా, ఫోన్లో "జేజీ, అది నా ఫ్రెండుది" అని ఎంత కంగారుపడ్డావే! అందుకే ఈ ఉత్తరం. అది దాచుకుని చదవాల్సిన పుస్తకం కాదు.

నన్ను ముందు పట్టేసింది ఆ హాస్టలు. అమ్మానాన్నలు ఫోన్లో గొంతుగా తప్ప దగ్గర ఉండరు. ఎవరి పక్కన కూర్చోవాలో, ఎవరికి సారీ చెప్పాలో ఆ పిల్లే తేల్చుకోవాలి. నేను డిగ్రీకి కందుకూరు పక్క పల్లె నుంచి నెల్లూరు హాస్టలుకి వచ్చినప్పుడు మొదటి వారమంతా మెస్సులో కంచం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడేదాన్ని. చివరికి ఒక ఉదయగిరి పిల్ల పక్కకి జరిగి చోటిచ్చింది. ఇన్నేళ్ల తర్వాత పారిస్ కథ చదువుతుంటే ఆ పలచటి సాంబారు వాసన మళ్లీ వచ్చింది.

ఇంకో సంగతి. ఫ్రెంచిలో మన 'నువ్వు'కి 'తూ' అంటారు, 'మీరు'కి 'వూ' అంటారు. పిల్లలు వాళ్లలో వాళ్లు తూ అనుకుంటారు, టీచర్లని వూ అనాలి. ఇంగ్లీషులో రెంటికీ 'యూ' ఒక్కటే కాబట్టి అమెరికా నుంచి వచ్చిన పిల్లకి ఇదంతా కొత్త. మీకు మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. 'మీరు' అనే మనిషి 'నువ్వు'లోకి దిగడానికి ఎన్నాళ్లు పడుతుందో, దిగిన రోజు గుండె ఎలా కొట్టుకుంటుందో వారపత్రికల్లో సీరియళ్లు చదివిన మా తరానికి బాగా తెలుసు.

కథని నడిపేవి సెలవులు. ఫ్రాన్సులో బడులు సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. ఆరేడు వారాలు చదువు, తర్వాత రెండు వారాలు సెలవు. అక్టోబరు చివర, క్రిస్మస్‌కి, ఫిబ్రవరి ప్రాంతంలో, ఏప్రిల్ దగ్గర అలా వస్తుంటాయి. రోజూ కలిసి తిరిగిన ఇద్దరూ ఆ రెండు వారాలు వేరే వేరే ఊళ్లలో ఉంటారు. ఎవరికి ఎవరు గుర్తొస్తున్నారో అప్పుడు బయటపడుతుంది. నువ్వు క్రిస్మస్ అధ్యాయం దగ్గర పేజీ మూల మడిచావు, చూశాను. నేనూ అక్కడే ఆగి మళ్లీ చదివాను.

ఇద్దరూ కలుస్తారని మొదట్లోనే తెలిసిపోతుంది కదా, మరి అన్ని పేజీలు ఎందుకు తిప్పుతాం అని మీ నాన్న అడిగాడు. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెడతారని అందరికీ తెలుసు. అయినా అడ్డుతెర దించేటప్పుడు అందరం మెడలు చాచి చూస్తాం. ఈ పుస్తకమూ అంతే. ఏం జరుగుతుందోనన్న టెన్షన్ లేదు కాబట్టి మెట్ల మీద పక్కపక్కన కూర్చోవడం, మఫ్లరు మర్చిపోయి వెళ్లడం లాంటి చిన్న విషయాలన్నీ కళ్లకి ఆనతాయి. అంత తేలిగ్గా రాయడం తేలికైన పని కాదు. ఒక్కచోట మాత్రం నాకు విసుగొచ్చింది. నోరు తెరిచి ఒక్క మాట అడిగితే తీరిపోయే అపార్థాన్ని యాభై పేజీలు లాగారు.

చిన్నోడా, ఆడపిల్లల పుస్తకమని నువ్వు ముట్టుకోలేదట. చదువు నాన్నా. అందులో ఆ అబ్బాయి భయపడే తీరు కూడా బాగా రాశారు.

పారిస్ గురించి ఒకటి చెప్పాలి. నోత్రదామ్ చర్చి ముందు నేలలో 1924లో బిగించిన కంచు నక్షత్రం ఒకటుంది. పారిస్ నుంచి ఫ్రాన్సు రోడ్ల దూరాలు అక్కడి నుంచే లెక్కపెడతారు. జనం దాని మీద నిలబడి కోరిక కోరుకుంటారు. అది తెలియగానే నాకు మన నెల్లూరు స్వర్ణాల చెరువు గుర్తొచ్చింది. రొట్టెల పండుగ రోజు బారాషహీద్ దర్గా దగ్గర నీళ్లలో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అని మార్చుకుంటాం కదా. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకి ఇస్తారు. అక్కడ ఒంటరిగా కోరుకుంటారు, ఇక్కడ ఇంకొకరి చేతి నుంచి అందుకుంటాం. మనదే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆ చర్చి 2019 ఏప్రిల్ 15న కాలిపోతుంటే టీవీలో చూసి బాధపడ్డాను. 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు.

రొట్టెల పండుగకి వస్తారుగా. గైడు అట్ట తీసి పక్కన పెట్టాను, పుస్తకానికి పాత క్యాలెండరు కాగితంతో కొత్త అట్ట వేసి, పేరు పైకి కనిపించేలా రాశాను. వచ్చేటప్పుడు ఇలాంటిదే ఇంకొకటి తీసుకురండి, అక్షరాలు కొంచెం పెద్దవి ఉన్నది.

మీ జేజి