మూడు గ్రాముల యుద్ధదేవుడు

1978 ఫిబ్రవరి 21న మెక్సికో నగరం నడిబొడ్డున కరెంటు పనివాళ్లు గొయ్యి తవ్వుతుంటే చెక్కడం ఉన్న రాయి ఒకటి తగిలింది. మట్టి తీసేకొద్దీ అది పెద్దదవుతూ పోయింది. చివరికి మూడు మీటర్లకు పైగా వెడల్పు, ఎనిమిది టన్నుల బరువు ఉన్న గుండ్రటి శిల బయటపడింది. దాని మీద తల, చేతులు, కాళ్లు తెగిపడిన ఒక స్త్రీ రూపం. ఆమె పేరు కోయోల్షౌకి. ఆమెను నరికింది సొంత తమ్ముడే. ఆ తమ్ముడి పేరులో హమ్మింగ్‌బర్డ్ అనే చిట్టి తేనె తాగే పిట్ట ఉంది.

అతను, స్పెయిన్ వాళ్లు రాకముందు మెక్సికోను ఏలిన ఆజ్టెక్‌ల యుద్ధదేవుడు హ్విట్సిలోపోచ్ట్లి. అతని తల్లి కోత్లిక్వె, కోతెపెక్ అనే కొండ మీద గుడి ఊడుస్తుండగా పైనుంచి ఈకల ఉండ ఒకటి పడింది. తీసి నడుముకు దోపుకుంది, అంతే, గర్భం నిలిచింది. కూతురు కోయోల్షౌకికి అది తలవంపులుగా తోచింది. నాలుగు వందల మంది తమ్ముళ్లను వెంటేసుకుని తల్లిని చంపడానికి కొండెక్కింది. వాళ్లు పైకి చేరేసరికి కడుపులోని బిడ్డ ఆయుధాలు పట్టుకునే పుట్టాడు. అక్కను ముక్కలు చేసి కొండ కిందికి దొర్లించాడు. ఆ శిల దొరికిన చోటు కూడా అతని గుడి మెట్ల పాదంలోనే. కథలో కొండ కింద పడిన అక్క, గుళ్లో మెట్ల కింద పడి ఉంది.

చిరుతను పోలిన జాగ్వార్ ఉంది, గద్ద ఉంది, మొసలి ఉంది. ఇన్ని ఉండగా యుద్ధదేవుడికి మూడు నాలుగు గ్రాముల పిట్ట ఎందుకు? ఆ పిట్టను కాసేపు గమనించినవాళ్లకు ఈ ప్రశ్న రాదు. హమ్మింగ్‌బర్డ్ పూలగుబురు ఒకటి తనదనుకుంటే, అటుగా వచ్చే ప్రతి సాటి పిట్ట మీదా విరుచుకుపడుతుంది. తనకంటే ఎంతో పెద్ద పక్షుల్ని కూడా తరిమికొడుతుంది. దాని ఒంటి లెక్క అలాంటిది. సెకనుకు యాభై సార్లకు మించి రెక్కలాడించే జాతులున్నాయి. గుండె నిమిషానికి వెయ్యి సార్లు దాటి కొట్టుకోగలదు. పొద్దస్తమానం తేనె తాగుతూ ఉండకపోతే ఆకలితో చచ్చిపోతుంది. పూలగుబురు పోయిందంటే ప్రాణం పోయినట్టే. అందుకే ఆ పోరాటం. 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో కోస్టారికా అడవుల్లోని ఒక జాతి మగపిట్టల ముక్కు చివర ఆడపిట్టల ముక్కు కంటే వాడిగా ఉంటుందని తేలింది. జోడు కోసం కొట్లాడేటప్పుడు అవి ఆ ముక్కుతో ఒకదాని గొంతు మీద ఒకటి పొడుచుకుంటాయి. ఆజ్టెక్‌లు సూక్ష్మదర్శినులు లేకుండానే ఆ పిట్ట స్వభావం పట్టుకున్నారు.

ఇక్కడొక మాట. మన పెరట్లో మందారాల మీద వాలే తేనెపిట్టలు హమ్మింగ్‌బర్డ్‌లు కావు. చుట్టరికం లేకపోయినా తేనె తాగే బతుకు రెంటికీ పొడుగు ముక్కు, మెరిసే ఈకలు ఇచ్చింది. హమ్మింగ్‌బర్డ్‌లు ఉన్నది అమెరికా ఖండాల్లోనే. అలాస్కా నుంచి దక్షిణ కొస దాకా 360 పైచిలుకు జాతులు. కాబట్టి వాటిని దేవుళ్లుగా, దూతలుగా తలచిన పాత కథలన్నీ అక్కడివే. నాకు ఆ కథల్లో ఆశ్చర్యం కలిగించేది వాటి ఊహ కాదు, వాటి వెనకున్న చూపు. దాదాపు ప్రతి నమ్మకానికీ అడుగున ఆ పిట్ట నిజంగా చేసే పని ఒకటి కనిపిస్తుంది.

పునర్జన్మ సంగతే చూడండి. యుద్ధంలో చనిపోయిన వీరులు నాలుగేళ్లు సూర్యుడి వెంట నడిచి, ఆ తర్వాత హమ్మింగ్‌బర్డ్‌లుగా, సీతాకోకచిలుకలుగా మారి భూమ్మీది పూల తేనె తాగుతారని ఆజ్టెక్‌లు నమ్మేవారు. 16వ శతాబ్దంలో బెర్నార్డినో దె సాహగున్ అనే స్పెయిన్ మతగురువు స్థానికుల నోట విని ఈ సంగతులు రాయించాడు. అందులోనే ఇంకో వింత మాట ఉంది. చలికాలంలో ఈ పిట్ట చెట్టు బెరడులో ముక్కు గుచ్చి ఎండిపోయినట్టు వేలాడుతుందట, ఈకలు రాలిపోతాయట. చెట్టు చిగురించి, వాన ఉరిమినప్పుడు మళ్లీ లేస్తుందట.

ముక్కు గుచ్చడం, ఈకలు రాలడం నిజం కాదు. చచ్చి లేచినట్టు కనిపించడం మాత్రం నిజం. చల్లటి రాత్రుల్లో ఒంట్లోని నిల్వ తెల్లవారేదాకా సరిపోదు కాబట్టి చాలా జాతుల పిట్టలు తమ ఒంటివేడిని తామే దించేసుకుంటాయి. గుండె నిమిషానికి యాభైసార్ల దాకా నెమ్మదిస్తుంది. కొమ్మను పట్టుకుని ముక్కు పైకెత్తి కదలకుండా ఉండిపోతాయి. ముట్టుకున్నా చాలాసేపు చలనం ఉండదు. కొన్ని తలకిందులుగా వేలాడుతూ కూడా కనిపిస్తాయి. పెరూలోని ఆండీస్ కొండల్లో కొలిస్తే ఒక పిట్ట ఒంటివేడి 3.3 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. 2020లో అచ్చయిన లెక్క ఇది. తెల్లవారేముందు అదే పిట్ట వణుకుతూ ఒళ్లు వేడెక్కించుకుని, పగటిపూట ఉండే 40 డిగ్రీల దగ్గరికి చేరి, ఎగిరిపోతుంది. రాత్రి రాయిలా చల్లబడిన పిట్ట పొద్దున పూల మీద తిరుగుతుంటే చూసిన మనిషికి, పోయిన కొడుకు గుర్తుకు రావడంలో వింతేముంది?

వానతో ముడిపెట్టిన కథలు ఎండిన నేలల్లో ఎక్కువ. అమెరికా నైరుతి ఎడారుల్లోని హోపీ ప్రజల కథలో కరువొచ్చి, ఒక అన్నా చెల్లెలు ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతారు. అన్న పొద్దుతిరుగుడు కాడ గుజ్జుతో బొమ్మ పిట్టను చేసిస్తాడు. అది ప్రాణం పోసుకుని భూమి లోపలికి వెళ్లి, పంటల దేవుడికి పిల్లల గోడు చెబుతుంది. వానలు పడతాయి. పూలున్నచోటే ఈ పిట్ట, వాన పడితేనే పూలు. ఎడారి మనిషికి ఆ లంకె వేరే చెప్పనక్కర్లేదు.

పెరూలోని నాస్కా ఎడారిలో నేల మీద గీసిన హమ్మింగ్‌బర్డ్ బొమ్మ పొడవు 90 మీటర్ల పైనే. పైనున్న ముదురు రాళ్లు పక్కకు తీసి, కింది లేతరంగు నేల కనబడేలా గీసిన గీత అది. 2019లో జపాన్ పరిశోధకులు దాని ముక్కు, తోక ఆకారాలు సరిపోల్చి చూసి, అది హమ్మింగ్‌బర్డ్‌లలోనే హెర్మిట్ అనే తెగదని తేల్చారు. ఆ తెగ ఉండేది తడి అడవుల్లో, ఈ ఎడారికి చాలా దూరంలో. చుక్క వాన పడని నేల మీద వానలుండే చోటి పిట్టను ఎందుకు గీశారో రాతపూర్వకంగా ఎక్కడా లేదు. నాకైతే ఆ ఎంపిక యాదృచ్ఛికం అనిపించదు.

ప్రేమ సంగతి వేరు. గ్వాటెమాలా ప్రాంతపు కెక్చి మాయా ప్రజల కథలో సూర్యుడు, నేత నేసే అమ్మాయిని చూడటానికి హమ్మింగ్‌బర్డ్ వేషంలో వస్తాడు. పొగాకు పూల మీద తిరుగుతుంటే ఊదుగొట్టంతో మట్టి ఉండ కొట్టి పడగొడతారు. ఆమె ఆ పిట్టను తన గదిలోకి తెచ్చుకుంటుంది. రాత్రి అది మనిషవుతుంది. తర్వాత ఆ అమ్మాయే చంద్రుడు.

ఇంత అందమైన కథలున్న నేల మీదే ఈ పిట్టకు చావూ ప్రేమ పేరుతోనే వచ్చింది. మెక్సికో బజార్లలో చంపి ఎండబెట్టిన హమ్మింగ్‌బర్డ్‌ను ఎర్రదారంతో చుట్టి, ప్రార్థన రాసిన కాగితంతో కలిపి వశీకరణ తాయెత్తుగా అమ్ముతారు. అవి సరిహద్దు దాటి అమెరికాకూ చేరుతున్నాయి. హమ్మింగ్‌బర్డ్ జాతులన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కిందికి వస్తాయి, అనుమతి లేని అమ్మకం నేరం. ఒరెగాన్ రాష్ట్రం ఆష్‌లాండ్‌లో వన్యప్రాణి నేరాల ప్రయోగశాల ఉంది. పట్టుబడిన తాయెత్తులను అక్కడ విప్పి ఏ జాతి పిట్టో గుర్తిస్తారు. నమ్మకం ఎవరిదైనా గౌరవిస్తాను, కానీ ఈ తాయెత్తును సమర్థించలేను. గొంతు విప్పి నిలదీయలేని ప్రాణి అది.

పోయినవాళ్లు హమ్మింగ్‌బర్డ్‌గా చూడటానికి వస్తారన్న నమ్మకం ఇప్పుడు అమెరికా ఇళ్లలో బాగా వినిపిస్తుంది. పిండం కాకి ముడితే తృప్తిపడే మనకు ఇది కొత్తగా ఉండదు. హమ్మింగ్‌బర్డ్ ముఖం ముందుకొచ్చి గాల్లో నిలబడి చూస్తుంది. మెడ ఈకల్లో ఎరుపు రంగుపదార్థం ఉండదు, వెలుగు పడే కోణాన్ని బట్టి నిప్పులా మెరిసి, మరుక్షణం నల్లబడుతుంది. ఎర్రచొక్కా పూవేమోనని దగ్గరికొస్తుంది. దాని జ్ఞాపకం కూడా గట్టిది. కెనడా కొండల్లో చేసిన పరీక్షల్లో ఎనిమిది కృత్రిమ పూలలో ఏవి పది నిమిషాలకు, ఏవి ఇరవై నిమిషాలకు నిండుతాయో ఈ పిట్టలు గుర్తుపెట్టుకుని ఆ వేళకే వచ్చాయి. తేనె దొరికిన పెరటికి మరుసటి ఏడు మళ్లీ రావడం దానికి కష్టమేమీ కాదు.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు చాలామంది పెరట్లో చక్కెర నీళ్ల గిన్నె వేలాడదీస్తున్నారు. ఒక వంతు తెల్ల చక్కెర, నాలుగు వంతుల నీళ్లు చాలు. ఎర్రరంగు కలపకూడదు, తేనె వద్దు, బెల్లం వద్దు. ఎండాకాలంలో రెండు మూడు రోజులకోసారి గిన్నె కడిగి కొత్త నీళ్లు పోయాలి. పులిసిన నీళ్లు, బూజు ఆ పిట్ట ప్రాణానికి ముప్పు.