బృందావన్ మేడకి వెళ్ళే సొరంగం

చిరంజీవి బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. "కోట నుంచి బృందావన్ ప్యాలెస్‌కి నేల కింద దారి ఉందట కదా తాతయ్యా, మరి పైనున్న మట్టంతా రాజుగారి నెత్తిన ఎందుకు పడలేదు?" అని చిన్నా అడిగాడు. సొరంగం అనగానే అందరూ నిధి గురించే అడుగుతారు. వీడు మట్టి గురించి అడిగాడు. అసలు అడగాల్సింది అదే.

ముందు మేడ సంగతి. మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఉన్న ఈ బృందావన్ ప్యాలెస్‌ని మీరంతా బి.ఎన్. ప్యాలెస్ అంటారు. అది పాలన సాగించే కోట కాదు, తోటలో కట్టుకున్న మేడ. ఎండాకాలం సాయంత్రాలు ఏటిగాలి తగలాలని డబ్బున్నవాళ్ళు అలాంటివి కట్టించుకునేవారు. ఆ రోజుల్లో పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో, గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు కలిసింది. ఆ రాష్ట్రం కోసం పాటుపడిన పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ గారే 1937లో దానికి తొలి ప్రధానమంత్రి (రాష్ట్రాల ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) అయ్యారు. 1900లో నౌపడా నుంచి మీ ఊరికి చిన్నరైలు వేయించింది కూడా పర్లాకిమిడి సంస్థానమే.

కోటకీ తోటమేడకీ మధ్య సొరంగం ఉందని ఊళ్ళో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అలాంటి దారికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. జమీందార్ల ఇళ్ళలో ఆడవాళ్ళకి ఘోషా ఉండేది, నలుగురి కంటా పడకుండా తోటకి వెళ్ళాలి. పైగా మే నెల ఎండ. నేలలో అయిదారు మీటర్ల లోతుకి వెళితే ఎండాకాలం, చలికాలం తేడా దాదాపు తెలియదు. మన వైపు అక్కడ ఏడాది పొడవునా 27 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది.

ఇక మట్టి. సొరంగం 2 మీటర్ల వెడల్పు, పైన మీటరున్నర మట్టి అనుకుందాం. ప్రతి మీటరు పొడవుకీ 3 ఘనమీటర్ల మట్టి, అంటే దగ్గర దగ్గర 5 టన్నుల బరువు. దీన్ని చదరంగా పరిచిన పలకరాయి మోయాలంటే నడుమ విరగొచ్చు. విల్లులా వంగిన కమాను అయితే మోస్తుంది. ఎలాగో చెప్తాను.

ఉగాదికి గుమ్మానికి కట్టే మామిడాకుల తోరణం చూడండి. రెండు మేకుల మధ్య వేలాడుతుంది. దారం తనంతట తనే ఒక వంపు తీసుకుంటుంది. ఆ వంపులో ఎక్కడ చూసినా దారం లాగబడుతోందే తప్ప నలగడం లేదు. ఆ తోరణం ఉన్నపళంగా గట్టిపడిందనుకుని, తలకిందులు చేయండి. అదే కమాను. ఇందాక లాగిన చోటల్లా ఇప్పుడు ఒత్తుతుంది. ఇటుకని లాగితే ఊడొస్తుంది కానీ ఒత్తితే ఎంతో ఓర్చుకుంటుంది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన 1675లో ఈ రహస్యాన్ని అక్షరాలు తారుమారు చేసి దాచి మరీ అచ్చువేశాడు. మన తాపీమేస్త్రీలకి అది చేతుల్లోనే ఉండేది.

తోరణంతోనే ఇంకొంచెం దూరం వెళదాం. ఒక మేకు ఊడితే తోరణమంతా జారుతుంది. కమానుకి మేకులు రెండు పక్క గోడలు. అవి వెలుపలికి జరిగితే నడినెత్తిన పగులు వస్తుంది. తోరణం మధ్యలో బరువైన సంచీ తగిలిస్తే వంపు పోయి కోసుగా సాగుతుంది. కమాను మీద కూడా ఒకచోటే బరువు పడితే ఆకారం మార్చుకోవాలని చూస్తుంది, మార్చుకోలేక విరుగుతుంది. అందుకే మట్టిని రెండు పక్కలా సమానంగా, అరడుగు మందం చొప్పున పోసి దిమ్మిస కొడుతూ రావాలి. బండి వచ్చింది కదా అని ఒక పక్కే దించేస్తే కమాను రెండో పక్కకి ఒరుగుతుంది. కట్టేటప్పుడు కమానులు కూలడానికి ఇదొక కారణం.

ఇలాంటి దారిని ఎలుకలా తొలుచుకుంటూ పోరు. ముందు పైనుంచి కందకం తవ్వుతారు. రెండు పక్కలా గోడలు లేపి, వాటి మీద చెక్క చట్రం నిలబెట్టి, రెండు చివర్ల నుంచీ వరసకి వరస ఇటుక పేరుస్తూ నడినెత్తిన కలుపుతారు. ఆ చివరి ఇటుక బిగువుగా దిగాలి. సున్నం తొందరగా గట్టిపడదు కాబట్టి చట్రాన్ని రెండు మూడు వారాలు కదపరు. తర్వాత చట్రం కింద బిగించిన చెక్కముక్కల్ని కొంచెం కొంచెంగా వదులు చేస్తారు. ఒక్కసారి లాగేస్తే కమాను ఉలిక్కిపడుతుంది.

సున్నం మాట వచ్చింది కనుక చెప్పాలి. మా చిన్నతనంలో పెద్ద ఇల్లు లేచే చోటికి ముందు సున్నం నూరే గానుగ వచ్చేది. గుండ్రటి కాలవ, అందులో దొర్లే రాతిచక్రం, దాన్ని లాగే ఎద్దు. సున్నం నలిగి వెన్నలా వచ్చేదాకా ఎద్దు తిరుగుతూనే ఉండాలి. మేస్త్రీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, పలుకు తగిలితే మళ్ళీ తిప్పించేవాడు. మన తీరంలో గవ్వలూ గుల్లలూ కాల్చి సున్నం తీస్తారు. అది తెల్లగా, స్వచ్ఛంగా ఉంటుంది, కానీ గాలి తగిలితేనే గట్టిపడుతుంది. నేల కింద తడిలో ఏళ్ళు గడిచినా మెత్తగానే ఉండిపోతుంది. అందుకని ఇటుకపొడి కలుపుతారు. సున్నం, ఇటుకపొడి, ఇసుక సమపాళ్ళలో. ఇటుకపొడి ఉంటే సున్నం తడిలోనూ బిగుస్తుంది. నల్లగా మాడిన ఇటుక పనికిరాదు, కాస్త తక్కువ కాలిన ఎర్రటిదే మంచిది. ఆ పైన కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు. ఆ ఇటుక మోసినవాళ్ళ పేర్లు, గానుగ తిప్పినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. గోడ చూసినప్పుడు వాళ్ళని ఒక్కసారి తలుచుకోండి.

ఏటి పక్క సొరంగానికి మట్టికంటే నీళ్ళే పెద్ద శత్రువు. వానాకాలం ఏరు నిండితే నేలలో నీటిమట్టం కూడా లేస్తుంది. గోడల్లో కన్నాలు వదలకపోతే నీళ్ళు వెనకనుంచి నెడతాయి. అడుగున 100 అడుగులకి ఒక అడుగు వాలుతో కాలవ ఉండాలి. తర్వాత రావిమొక్క. కాకి వేసిన గింజ పగుల్లో మొలిచి, వేరు లావెక్కి, ఇటుకల్ని విడదీస్తుంది. మొక్కగా ఉన్నప్పుడే పీకేస్తే ఇంత చిక్కు ఉండదు.

చాలా ఊళ్ళలో సొరంగం అని చూపించేది నిజానికి వాననీటి తూము. నిలబడి నడవలేనంత పొట్టిగా, ఒకే వాలుతో ఉంటే అది తూమే.

ఇంకా చాలా ఉంది, కానీ కాగితం మీద చెప్పడంకంటే మీ కళ్ళతో చూడటం మేలు. వైశాఖంలో, రెండు వారాలు వాన పడని రోజుల్లో, మీ నాన్నని తోడు తీసుకుని అటువైపు నడవండి. కింద కట్టడం ఉన్నచోట పైన మట్టి పలచగా ఉండి గడ్డి చుట్టుపక్కలకంటే ముందు ఎండుతుంది. పచ్చగడ్డి నేలలో తిన్నగా సాగే ఒక పసుపు చార కనిపిస్తుందేమో చూడండి. చారకి అటూ ఇటూ పాత గాలిగొట్టమో, ఇనుపచట్రం వేసిన రంధ్రమో ఉందేమో వెతకండి. కన్నం కనబడితే లోపలికి దిగొద్దు. పల్లంలో చెడ్డగాలి నిలిచి ఉంటుంది, అది వాసన రాదు, మనిషిని నిమిషాల్లో పడగొడుతుంది. బుజ్జీ, చార ఎన్ని అడుగుల వెడల్పుందో టేపుతో కొలిచి, ఏ దిక్కుకి పోతోందో నోట్‌బుక్కులో గీసి నాకు పంపు.

మీ తాతయ్య