ఇల్లరికానికి ఒప్పుకోనివాళ్లు

అమ్ములూ, బుజ్జీ,

పండగ వెళ్లిన మర్నాడు మీ అమ్మ పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మొదటిసారి కళ్లజోడు లేక పిల్లి అనుకున్నాను. పన్నెండు సెకన్లలో పది సెకన్లు బుజ్జిగాడి అరుపే! మీ అనంతపురం శివార్లలో ఇళ్లు లేని ఖాళీ ప్లాట్ల మధ్య నుంచి ఆ జంతువు పరుగెత్తిందని, వాచ్‌మన్ తోడేలన్నాడని, పక్కింటి ఆంటీ హైనా అందని, ఆ రోజు నుంచి మీ సాయంత్రం ఆటలు బందని రాశారు. అది కరుస్తుందా తాతయ్యా అని అడిగారు. ముందు అదెవరో తెలియాలి కదా.

పెళ్లిలో దూరపు చుట్టాన్ని మొహం కనపడకముందే నడకను బట్టి పోల్చుకుంటామా లేదా, ఇదీ అంతే. తోడేలుది పెద్దిల్లు. వేల ఏళ్ల కిందట ఆ ఇంటి పిల్లలు కొందరు మన పొయ్యి దగ్గరి వాసన పట్టుకుని వచ్చి ఇల్లరికం ఉండిపోయారు, వాళ్లే మన కుక్కలు. తిండికి లోటు లేదు గానీ అత్తారింటి తీరు వంటబట్టి, తోక వంకీ తిరిగి, అయినదానికీ కానిదానికీ మొరగడం నేర్చారు. నక్క ఆ పెద్దింటికి దగ్గరి పాలివాడు. గుంటనక్క ఇంకాస్త దూరం. నల్లమలలో తిరిగే ఎర్రటి రేచుకుక్కది మరో కొమ్మ, అది తనవాళ్లను ఈల వేసినట్టు పిలుచుకుంటుంది. వీళ్లెవరూ ఇల్లరికానికి ఒప్పుకోలేదు. హైనాకి అసలు ఈ పెళ్లికి పిలుపే లేదు, అది కుక్కల వంశమే కాదు. (మీ అమ్మమ్మ ఇదంతా చదివి "మీకెందుకండీ ఆ పోలికలు" అంది. నేనూ ముప్పై ఏళ్లుగా ఇల్లరికంలో ఉన్నవాణ్ణేగా.)

ఇప్పుడు వీడియో మళ్లీ పెట్టండి. తోక కొస నల్లగా ఉందని మురిసిపోకండి, నక్కకీ అలాగే ఉంటుంది. ఒళ్లెంతో, తోకెంతో చూడండి. తోడేలు ఇరవై కిలోల దాకా తూగే పొడుగుకాళ్ల మనిషి. నక్క ఎనిమిది, పది కిలోలు, తోక ఒంట్లో మూడో వంతు. మీదేమో సర్వేరాయి పక్కన ఆగినప్పుడు దాని వీపు రాయికి సగమే వచ్చింది, తోక మాత్రం ఒంట్లో సగానికి పైనే, కొత్త చీపురులా గుబురుగా ఉంది. రెండు, మూడు కిలోల గుంటనక్క అది! ఎలుకలు, మిడతలు, చెదలు, మీరు భోగిరోజు తలమీద పోయించుకున్న రేగుపళ్లు దాని తిండి. మనుషుల జోలికి రాదు. మీ కాలనీ వేయకముందు నుంచీ అక్కడే ఉంది, ప్లాట్లు కొన్నవాళ్లెవరూ దాన్ని అడగలేదు.

మా గోదావరి లంకల్లో నక్కలుండేవి. తొమ్మిదేళ్లప్పుడు పుచ్చపాదుల కాపలాకి మా నాన్నతో మంచె మీద పడుకునేవాణ్ణి. ఒకనాడు గట్టు బొరియలో నక్కపిల్ల దొరికితే గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. బూడిదగోధుమ రంగు బొచ్చు, అప్పుడే తెరిచిన నీలి కళ్లు, తడిమట్టి వాసన. నా చొక్కాలో దూరి వణుకుతోంది. మా నాయనమ్మ కొట్టలేదు. "దాని అమ్మ ఇప్పుడేం చేస్తుంటుందిరా" అంది, అంతే. చీకట్లో ఒక్కణ్ణే వెళ్లి దించి వచ్చాను. పొద్దున్నే చూస్తే బొరియ ఖాళీ. రాత్రికి రాత్రే అన్నిటినీ నోట కరుచుకుని మకాం మార్చేసింది. ఆ రాత్రి ఈ ఒడ్డున ఒకటి ఊళ మొదలెడితే అవతలి ఒడ్డున మరొకటి అందుకుంది, తర్వాత నది మొత్తం... ఆ ఊళ ఎలా ఉంటుందో ఉత్తరంలో రాయలేను, వేసవిలో రండి, వినిపిస్తాను.

కరవడం సంగతి. జబ్బు లేని గుంటనక్క తప్పించుకునే దారి ఉన్నంతసేపు మామూలుగా కరవదు, కాబట్టి దారి అడ్డగించొద్దు. బిస్కెట్లు వేయొద్దు, మీ సరదా దానికి అలవాటైతే రేపు ఎవడో కర్ర తీసుకుంటాడు. చెత్తబుట్టకి మూత పెట్టమని అమ్మకి చెప్పండి. పట్టపగలు తూలుతూ, చొంగ కారుస్తూ ఏదైనా మీదికొస్తే, అది కుక్కైనా సరే, లోపలికి పరుగెత్తండి. పంటిగాటు పడితే ఇంట్లో దాచకుండా చెప్పి, సబ్బుతో ధారనీళ్ల కింద పావుగంట కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లాలి. మీ టామీకి టీకాలు వేయించారా? మన కుక్కల జబ్బులు గుంటనక్కలకీ అంటుకుంటాయి. గుంటనక్కని పట్టినా చంపినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని ఆ వాచ్‌మన్‌కి మర్యాదగా చెప్పండి, గదమాయించొద్దు.

శివరాత్రి దాటాక పిల్లలు పెట్టే కాలం. దాని బొరియకి ఒకటికి మించి దారులుంటాయి. దగ్గరికి వెళ్లకండి, మేడ మీద పిట్టగోడ వెనక కూర్చుని, పొద్దుగూకే వేళ చూడండి. ఎన్ని పిల్లలు బయటికొచ్చాయో రాయండి. బుజ్జిగాడు మాత్రం అరవకూడదు.

మీ తాతయ్య